గడ్డి మ్యాట్ మొత్తం పీకేయాల్నా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. మూడేండ్ల కింద ఇంటి ముందర తాడిపత్రి బండల మీద 35 ఎంఎం పొడుగు పోగుల ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించినాం. ఇప్పుడు గేటు కాడ నుంచి మెట్ల దాకా నడిచే దావంతా అణిగిపోయి చాపలాగా అయింది, పిల్లోళ్లు బ్యాటింగ్ చేసే కాడ అయితే బోడిగుండే, కింద నల్లది కనపడుతోంది. అది చాలదని హాలు కిటికీ ముందర ఒక బారు గడ్డి ముడుచుకుపోయింది, ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టు. షాపాయన్ని పిలిస్తే మొత్తం పీకి కొత్తది వేయాల్సిందే అంటున్నాడు. అంతేనా, మనమే ఏమన్నా చేసుకోవచ్చా?

జవాబు: అప్పుడే ఆయన మాటకి తలూపొద్దమ్మా. మీరు చెప్పినవి మూడూ మూడు రకాల రోగాలు, ఒకే మందు కుదరదు. ముందు ఒక పని చేయండి, ఎండ బాగా తగిలే చోట నాలుగు పోగులు రెండు వేళ్ల మధ్య పెట్టి గట్టిగా నలపండి. వంగి మళ్లీ లేస్తే ప్రాణం ఉన్నట్టే. పుటుక్కున విరిగి పచ్చపొడి వేళ్లకి అంటుకుంటే మాత్రం ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కిపోయింది, అప్పుడు షాపాయన చెప్పిందే కరెక్టు, దానికి అతుకులేసేది దండగ.

నడిచే దావలో పోగులు ఊడలేదు, పడుకున్నాయంతే. పొద్దున తొమ్మిది ఆ టైంలో, పోగు కాస్త వెచ్చబడి మెత్తగా ఉన్నప్పుడు బాత్రూం కడిగే గట్టి నైలాన్ బ్రష్షుతో అది పడుకున్న వైపుకి ఎదురుగా గీకండి, ఇనప బ్రష్ వద్దు, పోగులు చీలిపోతాయి. గీకేముందు ఇరుక్కున్న ఆకులూ మట్టీ తీసేయండి. మన పక్క కసువంటే గడ్డీ అదే ఊడ్చే చెత్తా అదే కదా, ఈ ప్లాస్టిక్ కసువులో ఆ కసువు చేరితే ఇంక లేవనీదు. లేచినాక సిలికా ఇసుక చల్లాలి, చదరపు అడుక్కి అర కిలో నుంచి కిలో దాకా పడుతుంది, ఒకేసారి గుమ్మరించకుండా రెండు మూడు విడతల్లో చల్లి ప్రతిసారీ బ్రష్ కొడితే అడుక్కి దిగి పోగుని నిలబెడుతుంది. ఇసుకా గడ్డీ రెండూ పొడిగా ఉండాల. పెన్నా ఇసుక చవగ్గా దొరుకుతుంది కదా అని వేయొద్దు, అందులో ఒండ్రు ఉంటుంది, వానకి గడ్డకట్టి నీళ్లు దిగకుండా చేస్తుంది, విత్తనాలుంటే మొలకలు కూడా వస్తాయి.

బోడిగుండుకి మాత్రం అతుకే గతి. షాపుకెళ్లి కొత్త ముక్క తేవద్దు, మూడేండ్లు అనంతపురం ఎండలో వెలిసిన దాని పక్కన కొత్తది చొక్కాకి వేరే రంగు జేబు కుట్టినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పూలకుండీల వెనకో, మెట్ల పక్క మూలలోనో కాళ్లు పడని చోట ముక్క కోసి ఇక్కడ వేయండి, కొత్త ముక్క ఆ మూలకి పోతుంది, కుండీ పెడితే ఎవరూ చూడరు.

కోసేది పై నుంచి కాదు, పోగులు సగానికి తెగుతాయి. బండకి అంటుకున్న చోట పుట్టీ పట్టీ దూర్చి లేపి, తిరగేస్తే వెనక కుట్లు వరసలుగా కనపడతాయి, రెండు వరసల మధ్య ఖాళీలో కట్టర్ బ్లేడ్ నడపండి. తీసేసిన బోడి ముక్కనే కొలతగా పెట్టుకోండి. ఇక్కడే చాలామంది దెబ్బతినేది, నేను కూడా తిన్నా. గడ్డికి ఒక వాలు ఉంటుంది, పిల్లిని నిమిరినట్టు అరచెయ్యి పెట్టి నిమిరితే ఒక వైపు నున్నగా, ఎదురు వైపు గరుగ్గా తగుల్తుంది. ముక్కదీ చుట్టూ ఉన్నదీ ఒకే వైపు వాలాలి. మా ఇంట్లో నేను తిప్పి అంటించేసినా, ఆ చదరం ముదురు పచ్చగా కనపడేది, వచ్చినోళ్లంతా ఇక్కడ నీళ్లు పడినాయా అని పక్కకి జరిగి నడిచేవాళ్లు, ఆర్నెల్లు భరించి మళ్లీ పీకినా.

బండ మీద కాబట్టి యూ మేకులు పనికిరావు, అవి మట్టి నేలకే. పాత గమ్ము గీకి, దుమ్ము తుడిచి, రెండు అంచులూ కలిసే చోట ఆరంగుళాల జాయింట్ టేపు సగం పాత దాని కింద సగం ముక్క కింద వచ్చేట్టు పరిచి, హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపే పీయూ, అంటే పాలీయురెథేన్ గమ్ము పూయండి. చెక్క పనికి వాడే తెల్ల గమ్ము వానకి నాని వదిలేస్తుంది. అంచులు ఒకదాన్నొకటి తోసుకునేట్టు బిగించొద్దు, ఎండకి సాగి గట్టులాగా లేస్తుంది, కుట్టు వరసల మధ్య ఎంత సందు ఉంటుందో అంతే వదలండి. ఈ పనంతా సాయంత్రం బండ చల్లారినాకే, మిట్టమధ్యాహ్నం ఆ నల్ల బండ మీద గమ్ము పరిచేలోపే బిగుసుకుంటుంది. పైన బియ్యం మూట పెట్టి ఒక రోజు వదిలేయండి, క్రికెట్ కూడా బందే.

ఇంక కిటికీది. అది అరుగుదల కాదమ్మా, కిటికీ అద్దం తిప్పికొట్టే ఎండ. గంటకోసారి బయటికొచ్చి చూడండి, ఏదో ఒక టైంలో సరిగ్గా ఆ బారు మీదే తళుక్కున మెరుపు పడుతుంటుంది, ఆ వేడికి పోగు మెత్తబడి ముడుచుకుంటుంది. కారణం ఆపకుండా అతుకేస్తే అదీ ముడుచుకుంటుంది. లోపల కర్టెన్ వేస్తే లాభం లేదు, ఎండ తగిలేది అద్దం బయట కదా, షేడ్ నెట్టో జాలీనో బయటి వైపే కట్టాలి. కట్టి ఒక ఎండాకాలం చూసి అప్పుడు ముక్క మార్చండి.

ప్రశ్న: సార్, కర్నూలు నుంచి రాస్తున్నా. దీపావళికి చిచ్చుబుడ్డి రవ్వలు పడి మా గ్రాస్ మీద నల్ల చుక్కలు పడినాయి. కడిగితే పోలేదు.

జవాబు: మసి అయితే పోయేదే, అది కాలిన ప్లాస్టిక్. పోగుల కొసలు కరిగి గుండుసూది తలకాయలాగా గట్టిపడి ఉంటాయి, చిన్న కత్తెరతో ఆ తలకాయ వరకే కత్తిరించండి, అతుక్కున్న పోగుల్ని పాత దువ్వెనతో విడదీయండి. మొదలంటా కాలిన చోట పైన చెప్పినట్టు అరచెయ్యంత ముక్క మార్చుకోవాల్సిందే. కత్తిరించేది మాత్రం వాయిదా వేయొద్దు, ఆ గట్టి గుండ్లు ఉత్తకాళ్లతో తిరిగే పిల్లోళ్లకి గుచ్చుకుంటాయి.