గ్రూమర్ పిండాక కుక్క గ్రంథి పగిలింది... వైద్యం ఖర్చు రాబట్టొచ్చా?

ప్రశ్న: మా కుక్కకి ఆరేళ్లు. మలద్వారం పక్కనుండే గ్రంథులు తరచూ నిండిపోయి, వెనకభాగాన్ని నేలకేసి రాసుకుంటుంది. నెలకోసారి గ్రూమర్ (కుక్కలకి స్నానం, జుట్టు కత్తిరింపు లాంటివి చేసేవాళ్లు) చేత పిండిస్తున్నాం. పోయిన నెల పిండుతుంటే గట్టిగా అరిచింది. మర్నాటికి కుడిపక్క వాచింది, మూడోరోజు పగిలి చీమూ నెత్తురూ కారాయి. పది రోజులు వెటర్నరీ డాక్టర్ దగ్గర వైద్యం చేయించాం. గ్రూమర్‌ని అడిగితే ‘ఎప్పట్నుంచో ఉన్న జబ్బే, మీరు పెట్టే తిండి వల్లే వచ్చింది, మాకు బాధ్యత లేదని బిల్లు వెనక రాసే ఉంది’ అంటున్నారు. మాకు దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. డబ్బు తీసుకుని చేసిన పని కాబట్టి ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. జాగ్రత్త లేకుండా చేస్తే అది సేవాలోపమే. పైగా కుక్కని వాళ్ల చేతికి అప్పగించారు. అలా అప్పగించిన దాన్ని మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టే చూసుకోవాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో బిడ్డలా తిరిగే కుక్కని ‘వస్తువు’ అనడం కష్టంగానే ఉంటుంది, కానీ ఇక్కడ మీకు అక్కరకొచ్చేది ఆ మాటే. బిల్లు వెనక ఏకపక్షంగా అచ్చేసిన షరతు చూసి వెనక్కి తగ్గకండి. దాన్ని చూపించి నిర్లక్ష్యం నుంచి తప్పించుకోవడం వినియోగదారుల కమిషన్ ముందు అంత తేలిక కాదు.

అసలు పేచీ ‘పాత జబ్బే’ అన్న మాట దగ్గర. ఇందులో కొంత నిజముంది. వెనక నుంచి చూస్తే ఈ గ్రంథులు గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెలుండే చోట ఉంటాయి. మలం గట్టిగా వస్తే ఆ ఒత్తిడికి అవే ఖాళీ అవుతాయి. మలం మెత్తగా ఉన్నా, కుక్క లావెక్కినా, అలర్జీ ఉన్నా లోపలి ద్రవం చిక్కబడి నాళం మూసుకుపోతుంది, క్రిములు చేరి చీముగడ్డ అవుతుంది. ఎవరూ చెయ్యి వేయకపోయినా ఇలా జరగొచ్చు. గ్రూమర్ తరఫు లాయరు పట్టుకునేది దీన్నే.

కానీ ఆ వాదనే వాళ్లకి ఎదురు తిరుగుతుంది. గ్రంథి అప్పటికే ఎర్రబడి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే దాన్ని పిండకూడదు. మత్తిచ్చి శుభ్రం చేయాలా, మందులివ్వాలా అన్నది డాక్టర్ తేల్చాల్సిన సంగతి. జబ్బు ఉందని తెలిసీ, కుక్క అరుస్తున్నా పిండారంటే నిర్లక్ష్యమే. జబ్బు లేదంటే, గాయం పిండటం వల్లే అయిందన్న మీ మాటకి బలం వస్తుంది. గ్రూమర్‌కి పంపే నోటీసులో ఈ రెండూ రాయించండి. వేలు లోపలికి పెట్టి పిండారా, ఇంజెక్షన్ గానీ యాంటీబయాటిక్ గానీ ఇచ్చారా అన్నదీ అడగండి. ఎందుకంటే పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన వెటర్నరీ డాక్టర్లదేనని 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 30వ సెక్షన్ అంటోంది.

వైద్యం చేసిన డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. ‘ఇన్‌ఫెక్షన్, మందులిచ్చాం’ అని రెండు ముక్కల్లో రాస్తే పనికిరాదు. ఏ పక్క గ్రంథి, ఏ తేదీన ఎలా ఉంది, చర్మం మీద గోటిగీతలో కమిలిన గుర్తులో ఉన్నాయా, కుక్క బరువెంత, కారణం ఏమై ఉండొచ్చు అన్నవన్నీ అందులో రావాలి. ఫోటోల అసలు ఫైళ్లు తీసిన ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే తీసిన సమయం లాంటి వివరాలు పోతాయి. సీసీ కెమెరా రికార్డింగు కొద్దిరోజులకే చెరిగిపోతుంది కాబట్టి, దాన్ని భద్రపరచమని ఈరోజే రాతపూర్వకంగా అడగండి.

ఇక తిండి సంగతి. ‘మీ తిండి వల్లే’ అన్న ఆరోపణకి మీ దగ్గర ఉండాల్సిన జవాబు ఒక నోటుబుక్కు. కుక్కకి మంచిదీ అదే. రోజూ ఏం పెట్టారు, మలం గట్టిగా వచ్చిందా మెత్తగానా, ఎన్నిసార్లు రాసుకుంది, నెల బరువెంత అన్నవి తేదీతో రాయండి. డాక్టర్‌ని అడిగి పీచు పెంచండి. మామూలుగా ఉడికించిన గుమ్మడి గుజ్జు చిన్న కుక్కకి ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టొచ్చు. ఇసబ్‌గోల్ అయితే అరచెంచా, తగినన్ని నీళ్లలో కలిపి. నీళ్లు తక్కువైతే మలబద్ధకం వస్తుంది. ఆహారం మార్చాల్సి వస్తే ఏడు నుంచి పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలై గ్రంథులు మళ్లీ నిండుతాయి. చెవులు, పాదాలు కూడా దురదపెడుతుంటే ఆహార అలర్జీ పరీక్షగా కనీసం ఎనిమిది వారాలు ఒకే రకం ఆహారం పెట్టమని డాక్టర్ చెప్పొచ్చు. ఆ రోజుల్లో ఒక్క బిస్కెట్ పెట్టినా పరీక్ష చెడుతుంది. నెల తిరిగేసరికి పిండించే అలవాటు మాత్రం మానండి. అవసరం లేకుండా పదేపదే పిండటం వల్లా అక్కడ వాపు వస్తుంది.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజుల గడువివ్వండి. స్పందన లేకపోతే మీరుండే ఊరు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు వేయొచ్చు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. సేవకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లెక్కలోకి వచ్చేది గ్రూమింగ్ బిల్లే, మీరు అడిగే పరిహారం కాదు. గడువు రెండేళ్లు. వైద్యం బిల్లులు, మందుల రసీదులు, మనస్తాపానికి పరిహారం, కేసు ఖర్చులు వేర్వేరుగా అడగండి. పోలీసు కేసు ఆలోచన వద్దు. కావాలని హాని చేశారని చూపకుండా అది నిలబడటం కష్టం.

పుండు మానాక కూడా ఆ చోట గట్టిగా గడ్డ తగిలినా, కుక్క మునుపటికంటే ఎక్కువ నీళ్లు తాగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. ఆ గ్రంథిలో కణితి ఉన్నా ఇలాగే కనిపించొచ్చు. ఆ పరీక్ష కాగితాలూ ఫైల్లో చేర్చండి. గడ్డ ఎప్పట్నుంచి ఉందన్న ప్రశ్న రేపు వాళ్లూ వేస్తారు.