అత్తిపత్తి ఎందుకు ముడుచుకుంటుంది?

ప్రశ్న: మా కొబ్బరితోటలో అత్తిపత్తి విపరీతంగా పెరిగింది. మెల్లగా ముట్టుకుంటే చిట్టి ఆకులు మాత్రమే ముడుచుకుంటున్నాయి, గట్టిగా తడితే కాడతో సహా వాలిపోతోంది. నరాలూ కండరాలూ లేని మొక్కకు ఇదెలా సాధ్యం? పొద్దుగూకితే ఎవరూ ముట్టకపోయినా ఎందుకు ముడుచుకుంటుంది?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఈసారి ఆకును దగ్గరగా పట్టి చూడండి. ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ, ఆ ఆకులున్న ఈనె మొదట్లోనూ, ఈనెలన్నిటినీ మోసే కాడ కాండానికి అంటుకున్నచోటా చిన్న ఉబ్బు కనిపిస్తుంది. కదలికంతా ఆ ఉబ్బుల్లోనే ఉంది. వాటిలోని కణాలు నీటితో బిగిసి ఉన్నంతసేపూ ఆకు విప్పారి ఉంటుంది. చెయ్యి తగలగానే ఉబ్బులో ఒక పక్కనున్న కణాల నుంచి పొటాషియం, క్లోరైడు అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బయటికి పోతాయి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్లు, వాటి వెంటే కణాల్లోని నీరూ బయటికి వచ్చేస్తుంది. ఆ పక్క సడలిపోగా, బిగువు తగ్గని రెండో పక్క ఆకును వంచేస్తుంది. చిట్టి ఆకుల్లో సడలేది పైపక్క గనుక అవి పైకి ముడుచుకుంటాయి. కాడ ఉబ్బులో సడలేది కిందిపక్క గనుక కాడ వాలిపోతుంది.

నరాలు లేకున్నా కబురు మాత్రం నడుస్తుంది. వెలిగించిన అగరువత్తిని ఈనె కొసనున్న ఆకుల జతకు దగ్గరగా పెడితే, జత తరువాత జత వరసగా ముడుచుకుంటూ వచ్చి, చివరికి కాడ వాలడం మీ కళ్ళతోనే చూడవచ్చు. తాకిడికి పుట్టిన విద్యుత్ సంకేతం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. మన నరాల వేగం ముందు ఇది నత్తనడకే. జగదీశ్ చంద్ర బోస్ ఈ సంకేతాలను నమోదు చేయడానికి ప్రత్యేకంగా పరికరాలే తయారు చేసుకున్నారు. మెల్లగా ముట్టినప్పుడు సంకేతం దగ్గరి ఉబ్బులతోనే ఆగిపోతుంది, గట్టి దెబ్బకైతే కాడ దాకా పోతుంది. మీరు చూసిన తేడా అదే.

సాయంత్రం ముడుచుకోవడానికి తాకిడితో పనిలేదు, దానికి కారణం మొక్కలోని గడియారం. 1729లో ఫ్రాన్సుకు చెందిన శాస్త్రవేత్త ద మెరాన్ ఇలాంటి మొక్కను చీకట్లో ఉంచి చూస్తే, వెలుగు లేకున్నా పగటివేళకు ఆకులు విప్పుకున్నాయి. రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు ఆకులు రాత్రి ముడుచుకోవడానికీ ఇటువంటి ఉబ్బులే ఆధారం.

ముడుచుకోవడం క్షణాల పని, విప్పుకోవడానికి మాత్రం పావుగంటకు పైగానే పట్టవచ్చు. బయటికి పోయిన అయాన్లను మళ్ళీ లోపలికి తోడుకోవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాలి. తోటలో విపరీతంగా పెరిగిందన్నారు గనుక ఒక మాట: కాయలు ముదరకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకించండి. కాండం నిండా ముళ్ళుంటాయి, వట్టి చేతులతో పట్టుకోనివ్వకండి.