మోకాలి ఆపరేషన్‌కు ముందు రిజిస్ట్రీ కాగితం: సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. మోకాళ్లు బాగా అరిగిపోయాయి, కీలు మార్పిడి చేయించాలని రాజమండ్రిలో డాక్టరు గారు చెప్పారు. ఆపరేషన్ కాగితాలతో పాటు ‘రిజిస్ట్రీలో నమోదుకు అంగీకారం’ అని ఇంకోటి ఇచ్చారు. అమ్మ వివరాలు, వేసే ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) వివరాలు ఏళ్ల తరబడి రాసిపెడతారట. ఇది మా మీద ప్రయోగమా? ఏ కంపెనీ మోకాలు మంచిదో కూడా చెప్పగలరు.
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ప్రయోగం కాదండీ, నిశ్చింతగా సంతకం పెట్టించండి. రిజిస్ట్రీ కోసం మీ అమ్మగారి వైద్యంలో ఏమీ మార్చరు. డాక్టరు గారు ఎలాగూ వేయబోయే ఇంప్లాంటే వేస్తారు. ఏది వేశారు, ఎప్పుడు వేశారు, ఆ తర్వాత ఆవిడ ఎలా ఉన్నారు అన్నది మాత్రం నమోదవుతుంది. వద్దనుకుంటే వద్దనొచ్చు, దానివల్ల ఆపరేషన్ ఆగకూడదు. వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, పేరు తీసేసి వాడతారా లేదా అన్నది మాత్రం సంతకానికి ముందే అడగండి. అది మీ హక్కు.

రాసిపెడితే ఏమొస్తుందంటారా? ఏఎస్ఆర్ అని, లోహం మీద లోహం ఆడే తుంటి కీలు ఒకటి ఉండేది. చాలా దేశాల్లో వేశారు. ఏ డాక్టరుకైనా తన దగ్గర ఒకరిద్దరికి కీలు వదులైతే, ఎముక బలంగా లేదేమో అనిపిస్తుంది. 1999లో మొదలైన ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో అందరి లెక్కా ఒకచోట చేరేసరికి, ఈ కీలు వేసినవాళ్లకు మళ్లీ ఆపరేషన్ ఎక్కువగా అవసరమవుతోందని తేలింది. 2009 చివర్లో అక్కడ, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా దాన్ని వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో దానితో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. వాళ్లను వెతకబోతే చాలామంది ఆచూకీయే దొరకలేదు. ఒంట్లో ఏముందో చెబుదామన్నా మనుషులు దొరకని పరిస్థితి. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

రెండేళ్ల కిందట రాజోలు వైపు లంక గ్రామం నుంచి ఒకావిడ వచ్చారు. ఎప్పుడో వేయించుకున్న తుంటి కీలు కదిలిపోయింది. పాలిథిన్ కవరులోంచి తీసిచ్చిన డిశ్చార్జి సమ్మరీ 2022 జూలై వరదలో నానింది. ఒండ్రు మరకల మధ్య తేదీ మాత్రం కనబడుతోంది, కంపెనీ పేరున్న చోట సిరా నీలంగా పాకిపోయింది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో పాత కేస్ షీట్లు లేవన్నారు. లోపలున్నది ఏ మోడలో తెలిస్తే అరిగిన భాగం ఒక్కటే మార్చి ఊరుకునేవాళ్లమేమో. ఎక్స్‌రే చూసి ఊహించి, రెండు మూడు కంపెనీల పనిముట్లు తెప్పించి పెట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడో ఒక రిజిస్ట్రీలో ఒక్క వరుస ఉండి ఉంటే ఆవిడకు ఆ బాధ తప్పేది.

ఇంకో మాట. స్వీడన్‌లో 1975 నుంచే మోకాళ్ల రిజిస్ట్రీ ఉంది. ఆ లెక్కలు విలువైనవే. కానీ అక్కడి పెద్దావిడ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగదు, ఊడ్పుల్లో మోకాలి లోతు బురదలో నడవదు. పరిశోధనలకు మనుషుల్ని ఏరి తీసుకుంటారు, మీ అమ్మగారిలా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లను చాలాసార్లు పక్కన పెడతారు. డెల్టాలో రోజూ కనిపించే మోకాలికి ఏ ఇంప్లాంట్ ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక్కడి వాళ్లను నమోదు చేస్తేనే తెలుస్తుంది.

రిజిస్ట్రీలో లోపమూ ఉంది. ఎక్కువగా లెక్కపెట్టేది మళ్లీ ఆపరేషన్ అయ్యిందా లేదా అన్నదే. మనవాళ్లు ‘వయసైపోయింది, ఇంక ఇంతేలే’ అని నొప్పి ఓర్చుకుంటారు, డాక్టరు దగ్గరికే వెళ్లరు. కాగితంలో మాత్రం ఆ కీలు బాగున్నట్టే ఉంటుంది. అందుకే నొప్పి, నడక, మెట్లెక్కడం గురించి అడిగే 12 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ స్కోరు లాంటివి కూడా నింపించుకుంటారా అని కనుక్కోండి. అమ్మగారు బాగుంటే ‘బాగున్నాను’ అని చెప్పడమూ అంతే ముఖ్యం. బాధపడేవాళ్లే జవాబిస్తే మంచి ఇంప్లాంట్ కూడా చెడ్డదైపోతుంది.

కంపెనీ పేరు నేను చెప్పను. మామూలు మోకీలు మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మోకాళ్లలో సుమారు 82 పాతికేళ్లు నిలిచాయని 2019లో రిజిస్ట్రీల ఆధారంగా లెక్క తేల్చారు. అంటే చాలాకాలంగా వాడుతున్న మోడళ్లు చాలావరకు నమ్మదగ్గవే. ‘బంగారు మోకాలు’ హోర్డింగులు చూసి అదనంగా అప్పు చేయకండి. ఈ మోడల్‌కు పదేళ్ల రిజిస్ట్రీ ఫలితాలున్నాయా, మీరు దీనితో ఎన్ని ఆపరేషన్లు చేశారు అని సర్జన్‌నే అడగండి. ఇంప్లాంట్ కన్నా ముందు షుగర్ అదుపులో ఉండాలి, లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇంప్లాంట్ డబ్బాలో మోడల్, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి డిశ్చార్జి సమ్మరీ మీద అంటించమనండి. ఫోటో తీసి మీ తోబుట్టువులకూ పంపండి. తర్వాత ఇంప్లాంట్ వల్ల ఇబ్బంది అనిపిస్తే, వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే, 2015లో మొదలైన జాతీయ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024లో మీరే చెప్పొచ్చు. రిజిస్ట్రీ కాగితంలో అమ్మగారి నంబరుతో పాటు మీ నంబరూ రాయండి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే పెద్దవాళ్లు చాలామంది ఎత్తరు, ఎలా ఉన్నారని అడగడానికి రిజిస్ట్రీ నుంచి ఐదేళ్ల తర్వాత వచ్చే ఫోన్ అలాంటిదే.