ఇంకెంత దూరమో నిజం చెప్పండి

కాలినడకన దూరయాత్ర చేసినవాళ్లను, ఇక అడుగు పడదనిపించిన రోజును ఎలా గట్టెక్కారని ఒకరు అడిగారు. నా సమాధానం ఒక్కటే. ఇంకెంత దూరం ఉందో ఉన్నదున్నట్టు చెప్పే మనిషి పక్కన ఉండాలి. బూట్లు, చేతికర్ర, నొప్పి మాత్రలు అన్నీ ఆ తర్వాతే.

శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచాను. మా మేనమామ వెంట ఉన్నారు. మొదటి రోజు నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటి, పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. అంతవరకు ఏ బాధా లేదు.

తెల్లారేసరికి కుడి మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ. మఠంబావి దాకా మడమ ఆనించకుండా మునివేళ్ల మీదే నడిచాను. దాంతో పిక్క పట్టేసింది. తర్వాత భీముని కొలను లోయలోకి దిగాలి. అందరూ ఎక్కుడుకు భయపడతారు గానీ మనిషిని విరిచేది దిగుడే. రాతి మెట్టు మీద కాలు పెట్టిన ప్రతిసారీ ఒంటి బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. కిందికి చేరాక హాయిగా ఉంటుందని నీళ్లలో కాళ్లు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆ పని ఎవరూ చేయకండి. నానిన చర్మం నాలుగు అడుగులకే ఊడి వచ్చింది.

అక్కడి నుంచి కైలాసద్వారానికి నిలువునా ఎక్కాలి. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చిన్నప్పుడు చదువుకున్నాను. ఆ రోజు ఆ మెట్లలో ఒకటి జానెడు ఎత్తుంటే, పక్కది మోకాలిదాకా ఉన్నట్టనిపించింది. ఎదురైన ప్రతి ఒక్కరినీ ఇంకెంత దూరమని అడిగాను. "ఇదిగో, అర్ధగంట" అన్నారు. అర్ధగంట నడిచాక ఇంకొకరు మళ్లీ అర్ధగంటే అన్నారు. మామయ్య కూడా "వచ్చేశాంరా, ఆ మలుపు తిరిగితే అంతే" అంటూ వచ్చారు. మూడో మలుపు దగ్గర కూలబడిపోయాను. అప్పుడు నన్ను పడేసింది బొబ్బ కాదు, ఆ మాటలే. దగ్గరే అన్నారని ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చుపెట్టేశాను.

ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. చెప్పుల్లేని కాళ్లు, నెత్తిన మూట. ఆమెనూ అదే అడిగాను. "సగం కూడా కాలేదు నాయనా. ఎండ తగ్గేదాకా కదలకు. ముందు ఇది తిను" అని మూట విప్పి గుప్పెడు బొరుగులు, బెల్లంముక్క చేతిలో పెట్టింది. ఏడుపొచ్చింది. అయినా ఆ మాటతోనే మనసు కుదుటపడింది. మడమకు పాత పంచె గుడ్డ గట్టిగా చుట్టుకుని, ఆమె వెనకే ఇరవై మెట్లెక్కడం, నిలబడటం, మళ్లీ ఇరవై. పొద్దు వాలేవేళకు కైలాసద్వారం దాటాం. అక్కడి నుంచి హటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరడం ఆ ఎక్కుడు ముందు లెక్కే కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అది పులులు తిరిగే అభయారణ్యం. దారి పొడవునా నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పోస్తే తాగి, ఆ గ్లాసును పొదలోకి విసిరేసి శివనామం అందుకునేవాళ్లను చూస్తే కడుపు మండిపోయింది. ఖాళీ గ్లాసు ఎంత బరువని?

ఆ రాత్రి మామయ్యను అడిగాను, ఎందుకలా అబద్ధం చెప్పారని. "నిజం చెబితే అక్కడే కూర్చుండిపోతావని భయపడ్డానురా" అన్నారు. ఆయన ప్రేమ నాకు తెలుసు. వచ్చే శివరాత్రికి మళ్లీ ఇద్దరం కలిసే వెళ్తున్నాం. దూరం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతానని ఆయనతో ముందే మాట తీసుకున్నాను.