పిల్లలతో గోదావరి పాయల్లో రబ్బరు కప్ప వేసి కొర్రమీను పట్టడం కుదురుతుందా?

కుదురుతుందండి. ధవళేశ్వరం దిగువన లంకల వైపు మేం ఇంటిల్లిపాదీ వెళ్తుంటాం, ఆ అనుభవంతోనే చెప్తున్నాను. మీరు అడిగినవి మూడు. వానపాముని, బతికున్న కప్పని గాలానికి గుచ్చడం మీ పిల్లలు చూడలేకపోతున్నారు కాబట్టి లూర్‌తో, అంటే రబ్బరు కప్పలాంటి ఉత్తుత్తి ఎరతో, పని జరుగుతుందా, ఏ సామాను కొనాలి, "చేపపిల్లల గుంపు కనిపించిన చోట ఫ్రాగ్ వేస్తే గ్యారంటీ" అని యూట్యూబ్‌లో చెప్పేది నిజమేనా. మూడోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, అందుకే చివర్లో పెట్టాను.

ముందు చోటు చూసుకోండి. పెద్ద గోదావరి ఒడ్డున నిలబడి ప్రవాహంలోకి విసిరితే కొర్రమీను పడదు. దానికి కదలని నీళ్లు కావాలి. వరద తీశాక లంకల పక్కన మిగిలిపోయే మడుగులు, గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకున్న పాయలు దాని ఇళ్లు. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదీ ఒకందుకు మంచిదే, ప్రవాహం దగ్గరికి పోయే పనే ఉండదు. ఇసుక ర్యాంపుల చుట్టుపక్కలకి మాత్రం అస్సలు వెళ్లకండి. మోకాలి లోతే కదా అనుకున్న చోట పక్క అడుగులోనే నిలువెత్తు గొయ్యి ఉంటుంది, పైనుంచి ఏమీ తెలీదు. ఈత వచ్చినా సరే, పిల్లలకి లైఫ్ జాకెట్ వేయాల్సిందే. వరదల నెలల్లో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, ఆ ఊసే ఎత్తొద్దు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మేం అంతదాకా ఆగం, నీళ్లు ఎర్రబారాయంటే గాలాలు అటక మీదే. ఊరి చెరువులైతే చాలావరకు మత్స్యకార సొసైటీలవో, లీజుకి తీసుకున్నవాళ్లవో అయ్యుంటాయి. అడక్కుండా వేస్తే గొడవలవుతాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మీకు ఆరున్నర, ఏడడుగుల మీడియం హెవీ రాడ్ (కాస్త గట్టి గాలం కర్ర), పిల్లలకి అంతకంటే పొట్టిది, తేలికైనది. ఓ మామూలు స్పిన్నింగ్ రీల్, 30 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం, లోపల బోలుగా ఉండే మెత్తటి ఫ్రాగ్‌లు రెండు మూడు. ఆ ఫ్రాగ్‌కి ఉండే రెండు ముళ్లూ పైకి తిరిగి ఒంటికి ఆనుకుని ఉంటాయి, అందుకే గుర్రపుడెక్క మీద లాగినా చిక్కుకోదు. చేప కరిచినప్పుడు ఒళ్లు నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. గాలం ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కేన్ని ప్లయర్‌తో నొక్కేయండి. చేప ఒకటీ అరా జారిపోవచ్చు గానీ, పిల్లల చేతికో చెవికో దిగితే తేలిగ్గా వస్తుంది. అందరికీ కళ్లజోడు, టోపీ ఉండాలి. విసరడం ముందు ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో నేర్పండి, పైన కరెంటు తీగలు లేనిచోట.

పిల్లలకి లూర్ నచ్చడానికి అసలు కారణం, అంతా కళ్లెదుటే జరుగుతుంది. కొర్రమీను గాలి కోసం పైకొచ్చి గుబుక్కున నోరు తెరిచి వెళ్తుంది, ఎంత నీళ్లలో ఉన్నా దానికి పైగాలి తప్పదు. ఆ బుడగ ఎక్కడ లేచిందో చూసి చెప్పడం మా చిన్నాడి డ్యూటీ. అక్కడికి నాలుగడుగులు అవతల వేసి, రెండు కుదుపులు లాగి కాసేపు ఆపాలి. నీళ్లు పగిలిన చప్పుడు వినగానే లాగేయాలనిపిస్తుంది, లాగకూడదు. వదులు దారం రీల్‌కి చుట్టుకుని, బరువు చేతికి తగిలాకే గట్టిగా ఎత్తాలి. ఈ ఆగడంలో మా ఇంట్లో మా అమ్మాయే మేలు, నాకంటే దానికే ఎక్కువ పడతాయి.

ఇక మూడోది. నిజమే, గుంపు దగ్గర వేస్తే దాదాపు పడుతుంది. కానీ ఆకలికి కాదు. కొర్రమీను కలుపు మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది, అవి నీటి మీద తేలతాయి. చేపపిల్లలు నారింజ, ఎరుపు రంగులో గుంపుగా పైకీ కిందికీ ఆడుతుంటే అక్కడ నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఏది దగ్గరికొచ్చినా కరిచి తరుముతుంది, మీ కప్పనీ అలాగే. దాన్ని తీసేశారంటే ఆ గుంపుని మిగతా చేపలు తినేయడానికి ఎంతోసేపు పట్టదు. "వలలేసేవాళ్లు పట్టట్లేదా, మనమొక్కళ్లం మానితే ఏమవుతుంది" అని మా బావమరిది వాదిస్తాడు. వల వేసేవాడిది జీవనం, మనది ఆదివారం సరదా, రెండిటికీ ఒకే లెక్క కుదరదని నా సమాధానం. గుంపు కనిపిస్తే రాళ్లేయకుండా మా పిల్లల్ని కాసేపు చూడనిచ్చి, అక్కడి నుంచి కదిలిపోతాం. పట్టినవాటిలోనూ మూర పొడవు లేనివి తడి చేత్తో పట్టుకుని వదిలేస్తాం.

వేరే చేపల మీద ఆశ పెట్టుకోకండి. బొచ్చె, శీలావతి లూర్ వెంట పడేవి కావు. పులస అయితే నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తినే చేప, దాని కోసం రబ్బరు కప్ప వేస్తే నవ్వుతారు. పాయ లోతుగా ఉన్నచోట సాయంత్రం వేళ వాలుగ కొట్టొచ్చు. పళ్లు ఎక్కువ, నోట్లో వేలు పెట్టొద్దు. దాని సంఖ్య తగ్గిపోతోంది కాబట్టి మేం ఉంచుకోం.

మొదటిసారి కాబట్టి ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో పెట్టుకోండి. అప్పటికి నీళ్లు తేరి, కాస్త వేడెక్కి ఉంటాయి. తెల్లారి ఆరింటికి మొదలెట్టి, ఎండ ముదిరే లోపు సర్దేయండి. ఏమీ పడకపోయినా పిల్లలు విసుక్కోకుండా ఇంటికొస్తారు.