కుడి పురి, ఎడమ పురి

అమ్మాయ్,

ప్రాజెక్టుకి సోడియం క్లోరేట్ అనే లవణం స్ఫటికాలు ఎంచుకున్నావని చదివి చాలా సంతోషపడ్డాను. "కరిగినప్పుడు లేని కుడి ఎడమలు స్ఫటికంలో ఎక్కణ్ణించి వస్తాయి తాతయ్యా?" అనడిగావు. కుడి ఎడమలంటే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రకాలే కదా. ఈసారి అంబాజీపేట వెళ్ళినప్పుడు పీచుతాడు పేనే చోట కాసేపు నిలబడు. విడి పీచుకి పురి ఉండదు. పేనగానే కుడి పురో ఎడమ పురో పడుతుంది. క్లోరేటూ అంతే, పేర్చుకునే వరసలోనే పురి పుడుతుంది. బెంజిల్ అనే ఇంకో పదార్థం అణువైతే ద్రావణంలో అటూ ఇటూ మెలి మార్చుకుంటూనే ఉంటుంది, స్ఫటికంలో చేరాక ఒక వైపుకి కుదురుకుంటుంది.

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టు. వానాకాలం మన కోనసీమ తేమకి నీళ్ళు ఓ పట్టాన ఆవిరవ్వవు. పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1848లో కుడి ఎడమ స్ఫటికాలను చేత్తో ఏరాడు కదా, అవి సోడియం అమ్మోనియం టార్టరేట్ అనే లవణానివి. సుమారు 27 డిగ్రీలు దాటితే అందులో కుడివీ ఎడమవీ విడివిడిగా కట్టవు. మన మే నెలలో ఆ పని జరగదు.

ముందు క్లోరేట్ ద్రావణం పోసిన పది డిష్‌లు కదపకుండా ఉంచు. స్ఫటికాలు మూడు మిల్లీమీటర్ల మందం అయ్యాక రెండు పోలరాయిడ్ షీట్ల (ఒకే దిశలో ఊగే వెలుగునే పోనిచ్చేవి) మధ్య పెట్టి, కింద దీపం పెట్టి, పై షీటు మెల్లగా తిప్పు. కొన్ని మసకబారి నీలమవుతాయి, కొన్ని తేటపడతాయి. రెండో వైపు తిప్పితే తారుమారవుతాయి. మొదటిసారి అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక బీకరులో అదే ద్రావణం ఆపకుండా కలుపుతూ ఉంచు. 1990లో కొండేపూడి అనే శాస్త్రవేత్త బృందం చేసింది ఇదే. దాదాపు అన్నీ ఒకే వైపువి వస్తాయి, ఏ వైపన్నది మాత్రం ముందే చెప్పలేం. ముందు పుట్టిన స్ఫటికానికి కలిపే కడ్డీ తగిలి ముక్కలు రాలతాయి. ప్రతి ముక్కా తల్లి పురితోనే పెరుగుతుంది. ఇంకో తల్లి పుట్టేలోపు ద్రావణం పలచబడిపోతుంది.

ఒకసారి నాకు కదపని ఆరు డిష్‌లలోనూ ఒకే వైపువి వచ్చాయి. రెండు రోజులు గొప్ప విషయం దొరికిందనుకున్నాను. తీరా చూస్తే అన్నిటికీ ఒకే పట్టకారు వాడాను, దానికి పాత స్ఫటికం పొడి అంటుకుని ఉంది. అందుకని డిష్ మారినప్పుడల్లా పట్టకారు వేడినీళ్ళతో కడుగు.

ఇంకొకటి, క్లోరేట్ ఒలికితే గుడ్డతో తుడవకు. ఆ గుడ్డ ఆరాక చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. నీళ్ళు పోసి కడిగెయ్. పంచదార, గంధకం, కాగితం దగ్గరికి రానివ్వకు.

డిష్‌కి ఎన్ని కుడి, ఎన్ని ఎడమ వచ్చాయో విడివిడిగా రాసి పంపు. మొత్తం కలిపేసిన లెక్క నాకొద్దు.

తాతయ్య