పనిచేసే సాఫ్ట్‌వేర్, పక్కన ఒక నోటుపుస్తకం

“ఫీచర్లన్నీ ఉండి, కోడ్ బాగానే పనిచేస్తున్నా, వాడటానికి ఇబ్బందిగా ఉందన్న ఒక్క కారణంతో ప్రోడక్ట్ నిజంగా మూతపడుతుందా?” అని ఒకరు అడిగారు.

పడుతుంది. నేను రాసిందే ఒకటి మూతపడింది.

అప్పట్లో నేనొక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. గోడౌన్లలో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. ఏం వచ్చింది, ఏం పోయింది, ఎంత మిగిలింది, అంతే దాని పని. బగ్స్ తక్కువ. డెమో చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. అయినా ఏడాది తిరిగేసరికి సబ్‌స్క్రిప్షన్ రెన్యూ చేసుకునేవాళ్ళు తగ్గిపోయారు. విచిత్రం ఏమిటంటే సపోర్ట్‌కి వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి. మా మేనేజర్ మీటింగులో ఆ గ్రాఫ్ చూపించి “ప్రోడక్ట్ కుదురుకుంది” అన్నారు. మేం చప్పట్లు కూడా కొట్టాం.

ఇక వద్దంటున్న ఒక కస్టమర్ దగ్గరికి వెళ్ళి సంగతేమిటో కనుక్కు రమ్మని నన్ను పంపారు. సేల్స్ వాళ్ళెవరూ ఖాళీగా లేరు, అందుకని నేను. అక్కడి స్టోర్‌కీపర్ యాభై దాటిన మనిషి. “సాఫ్ట్‌వేర్‌తో ఏమన్నా ఇబ్బందా అండీ?” అంటే, “అబ్బే, చాలా బాగుంది బాబూ. నాకే సరిగ్గా రాదు” అన్నారు. అంటూనే సొరుగు లాగి ఓ పొడవాటి నోటుపుస్తకం తీసి, అప్పుడే దిగిన లోడు వివరాలు అందులో రాసుకున్నారు. ఆ తర్వాత అవే మళ్ళీ మా స్క్రీన్‌లో కొట్టడం మొదలుపెట్టారు. రెండుసార్లు ఎందుకని అడిగాను. “ఇందులో ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఇదైతే ఎక్కడికీ పోదు” అని పుస్తకం మీద చెయ్యి వేశారు.

నాకు పౌరుషం వచ్చింది. డేటా పోయే ప్రసక్తే లేదు, రాసింది నేను కదా! కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. నోరు మూసుకుని చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. చెయ్యి ఊరికే మౌస్ మీదికి పోతుంటుంది. ఆయన పన్నెండు వరసలు ఒక్క వేలితో ఓపిగ్గా కొట్టి, పైనున్న ఆకుపచ్చ సేవ్ బటన్ నొక్కారు. ‘విజయవంతంగా సేవ్ అయింది’ అని పెద్ద టిక్ మార్కు వచ్చింది. విండో మూసేశారు. సరుకు లెక్క మాత్రం మారలేదు.

మా దాంట్లో సేవ్ అంటే చిత్తుప్రతి దాచుకోవడం. లెక్క మారాలంటే పేజీ అడుగున బూడిదరంగులో ఉన్న సబ్మిట్ కూడా నొక్కాలి. రెండు మూడు వరసలే ఉన్న రోజున అది కళ్ళబడేది, ఆయన అదీ నొక్కేవారు. పన్నెండు వరసలుంటే స్క్రీన్ దాటి కిందికి పోయేది, అక్కడొక బటన్ ఉందన్న సంగతే తెలిసేది కాదు. ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు అన్నది అక్షరాలా నిజం. పైగా సబ్మిట్ చేయని చిత్తుప్రతులు ఏడు రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. డేటాబేస్ బరువు తగ్గుతుందని ఆ ఏర్పాటు చేసింది నేనే. అందుకు శభాష్ అనిపించుకున్నాను కూడా.

“మరి మాకు ఫోన్ చేసి చెప్పలేదేమండీ?”

“ఏమని చెప్పను బాబూ? నాకు కంప్యూటర్ రాదనా?”

మా ఫోన్లు తగ్గింది ఇందుకు. కుర్చీ కాలు విరిగితే కుర్చీని తిట్టే మనిషి, స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి తనను తాను తిట్టుకుంటాడు. యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవాళ్ళ అనుభవం, అనే మాటను 1990లలో యాపిల్‌లో ఉండగా ప్రచారంలోకి తెచ్చిన డాన్ నార్మన్ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. తప్పు డిజైన్‌ది, సిగ్గు వాడేవాడిది. సిగ్గుపడేవాడు ఫిర్యాదు చేయడు, నోటుపుస్తకం కొనుక్కుంటాడు. కంపెనీ ఆ మౌనాన్ని మార్కులుగా వేసుకుంటుంది. మూతపడ్డాక పోటీ పెరిగిందనీ, మార్కెట్ బాగాలేదనీ, డబ్బులు అయిపోయాయనీ రాసుకుంటారు చూడండి, ఆ కారణాల్ని నేను పెద్దగా నమ్మను.

ఆ టిక్ మార్కు సంగతి ఇంకాస్త చెప్పాలి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం ఆరిపోయింది కాబట్టి వాల్వ్ మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు. కానీ ఆ దీపం చెప్పేది ‘మూసుకో’ అన్న ఆదేశం వెళ్ళిందని మాత్రమే, వాల్వ్ మూసుకుందని కాదు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీరు అందులోంచి పోతూనే ఉంది. మా ఆకుపచ్చ టిక్కు దానికి చిన్న తమ్ముడు. ప్రోగ్రాం ఏం చేసిందో చెప్పింది, గోడౌన్ లెక్క ఏమైందో చెప్పలేదు.

కంప్యూటర్ అలవాటు లేనివాళ్ళకే ఈ తిప్పలు అంటారా? 2020 ఆగస్టులో సిటీబ్యాంక్‌లో సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్ తీసుకున్న అప్పుమీద, అప్పిచ్చినవాళ్ళకు దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేశారు. అసలు సొమ్ము బయటికి పోకుండా ఆగాలంటే స్క్రీన్ మీద మూడు గడులు నింపాలి, వాళ్ళు ఒక్కటే నింపారు. ముగ్గురు చూశారు. ముగ్గురూ వడ్డీ మాత్రమే పోతోందని నమ్మి సరే అన్నారు. అందులో 50 కోట్ల డాలర్ల దాకా తిరిగి ఇచ్చేది లేదన్నారు అప్పిచ్చినవాళ్ళు, 2022లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చేదాకా బ్యాంకుకు టెన్షనే.

సిటీబ్యాంక్ మూతపడలేదు కదా అని మీరు అడగొచ్చు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు, మాలాంటివాళ్ళు పోతారు. ఇంకో సంగతి, ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్ కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు. డెమో చూసి చెక్కు రాసినాయన జీవితంలో ఒక్క ఎంట్రీ కొట్టడు. అందుకే ఘోరమైన సాఫ్ట్‌వేర్లు కూడా ఏళ్ళతరబడి బతికేస్తుంటాయి.

ఈ ధోరణిలోనే నాకు మంటెక్కించేది ఇంకొకటి, ఏమీ చూపించకుండానే ముందు లాగిన్ అవ్వమనడం. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ సైట్ తెరిచింది. ప్లాన్లు పోల్చి చూసుకోవాలన్నా ముందు అకౌంట్ తెరవాల్సిందే. అందరూ ఒక్కసారిగా అక్కడికే ఎగబడేసరికి ఆ భాగమే కూలబడింది. మొదటి రోజు బీమాకు నమోదు కాగలిగినవాళ్ళు ఆరుగురు! ‘రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘సరే’, ‘రద్దు’ అని రెండు బటన్లు పెట్టేవాళ్ళ గురించి నేనిక మాట్లాడదలుచుకోలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి, రెండు బటన్లూ కలిపేద్దాం అన్నాను. మేనేజర్ “వాళ్ళకు ట్రైనింగ్ ఇద్దాం” అన్నారు. నలభై పేజీల పీడీఎఫ్ తయారైంది, సేవ్‌కీ సబ్మిట్‌కీ తేడా ఇరవై రెండో పేజీలో ఉంటుంది. ట్రైనింగ్ అనే మాట ఎక్కడ వినబడినా నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఐదుగురి చేత వాడించి పక్కన కూర్చుని చూస్తే ఇబ్బందుల్లో చాలావరకు బయటపడతాయని వెబ్ డిజైన్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మేం అమ్మకానికి పెట్టేముందు ఒక్కరి పక్కనా కూర్చోలేదు. వాడి చూసిందల్లా మేమే, సబ్మిట్ ఎక్కడుందో మాకు తెలుసు మరి.

మరుసటి ఏడాది బటన్లు కలిపాం. అప్పటికి కస్టమర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది మిగిలారు. సర్వర్ ఆపేసే రోజు, మొత్తం మీద ఎన్ని చిత్తుప్రతులు సబ్మిట్ కాకుండా పోయాయో లెక్క తీద్దామని డేటాబేస్ తెరిచాను. ఏడు రోజులకంటే పాతది ఒక్కటీ లేదు. తుడిచే పని మాత్రం నా కోడ్ ఒక్క రాత్రి కూడా మానలేదు.